సర్పంచ్ ఏకగ్రీవం ఊరికి మంచిదా, చెడ్డదా? మన జిల్లాల వాళ్ళు చెప్పండి

నాగావళి గట్టు:
అందరికీ నమస్కారం. మళ్లీ సర్పంచ్ ఎన్నికల మాటలు మొదలయ్యాయి కాబట్టి ఎప్పటి నుంచో అడగాలనుకున్నది అడుగుతున్నా. మాది శ్రీకాకుళం జిల్లాలో నాగావళి పక్కన చిన్న ఊరు, పదిహేను వందల జనాభా ఉంటుంది. నేను ఉండేది హైదరాబాద్‌లో. 2013లో మా ఊళ్ళో ఎన్నిక జరిగింది. 2021లో ఏకగ్రీవం అయింది. రెండూ చూశాను కాబట్టి చెబుతున్నా, ఏకగ్రీవమే మంచిది.

2013లో ఊరు రెండు ముక్కలైంది. అమ్మవారి సంబరం రెండు వర్గాలూ విడివిడిగా చేసుకున్నాయి. చెరువు నీళ్ళ వంతు దగ్గర పారలు లేచాయి. సారా, నోట్లు, చీరలు సరేసరి. అదే 2021లో పెద్దలు రామమందిరం దగ్గర కూర్చుని ఒక్క రాత్రిలో తేల్చేశారు. ఒక్క పైసా ఖర్చు లేదు, ఒక్క కేసు లేదు. పైగా రెండు వేల లోపు జనాభా కాబట్టి ప్రభుత్వం 5 లక్షల ప్రోత్సాహకం అంది, ఊరికి సిమెంటు రోడ్డు వచ్చింది. టీవీల్లో మాత్రం ఏకగ్రీవం అంటే ప్రజాస్వామ్యం ఖూనీ అని మాట్లాడుతున్నారు. ఊళ్ళో బతకని వాళ్ళకి ఏం తెలుస్తుంది? మీరేమంటారు?

జీడిపిక్క:
హైదరాబాద్‌లో బతికేవాడు ఊళ్ళో బతకని వాళ్ళ గురించి అడుగుతున్నాడు. బావుంది బావూ.

బొబ్బిలి వీణ:
ఏకగ్రీవమే బెస్ట్. గొడవలు ఎవడికి కావాలి.

లెక్కల మాస్టారు:
నాగావళి గారూ, మీ పోస్టులో ఒక విషయం సరిచూసుకోవాలి. 2021లో ప్రకటించిన ప్రోత్సాహకాలు ఇవి: రెండు వేల లోపు జనాభాకి 5 లక్షలు, 5 వేల వరకు 10, 10 వేల వరకు 15, ఆపైన 20 లక్షలు. అంతవరకు మీరు రాసింది సరే. కానీ ఆ డబ్బుతోనే రోడ్డు వచ్చిందని ఎలా అంటున్నారు? పల్లెల్లో సిమెంటు రోడ్లు ఎక్కువగా ఉపాధి హామీ మెటీరియల్ నిధులతో వేస్తారు. ఆ పథకంలో ఖర్చు కూలీకి 60, సామగ్రికి 40 లెక్కన ఉంటుంది, ఆ నలభైలోంచి రోడ్లు, కాలువలు కడతారు. రోడ్డు మొదట్లో సిమెంటు దిమ్మ మీద పథకం పేరు, అంచనా విలువ రాసి ఉంటాయి. చూసి చెప్పండి.

నాగావళి గట్టు:
మాస్టారూ, ఏ పద్దులో వస్తే ఏమిటండీ, రోడ్డు వచ్చింది కదా. అసలు విషయం అది కాదు.

లెక్కల మాస్టారు:
మీరే దాన్ని ఆధారంగా చూపించారు. ఆధారం తప్పయితే అది అసలు విషయమే.

చట్టం చదివినోడు:
లా ఫైనలియర్, విజయనగరం. చట్టప్రకారం చూస్తే ఏకగ్రీవంలో తప్పు లేదు. నామినేషన్ల ఉపసంహరణ గడువు అయ్యేసరికి ఒక్కరే మిగిలితే రిటర్నింగ్ అధికారి ఆ ఒక్కరినీ ఎన్నికైనట్టు ప్రకటిస్తారు. పార్లమెంటు, అసెంబ్లీలకి కూడా 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 53వ సెక్షన్‌లో ఇదే ఉంది. 2024 ఏప్రిల్‌లో సూరత్ లోక్‌సభ స్థానం అలాగే ఏకగ్రీవం అయింది, లక్షల ఓటర్లున్న చోట ఒక్క ఓటూ పడలేదు. కాబట్టి నేరం కాదు. కానీ ప్రభుత్వం డబ్బు ఆశ చూపించి మరీ ఏకగ్రీవం చేసుకోమనడం వేరే సంగతి. ఓటు వెయ్యడానికి అభ్యర్థి ఐదొందలు ఇస్తే అది లంచం. ఓటే లేకుండా చేసుకున్నందుకు ప్రభుత్వం ఐదు లక్షలు ఇస్తే అది ప్రోత్సాహకం! 2021లో ఏకగ్రీవాల ప్రకటనలు పేపర్లలో వచ్చినప్పుడు రాష్ట్ర ఎన్నికల కమిషనర్‌కీ ప్రభుత్వానికీ పెద్ద పేచీ నడిచింది గుర్తుందా? రాజ్యాంగం 243కె అధికరణం కింద పంచాయతీ ఎన్నికల నిర్వహణ ఆ కమిషన్‌దే.

నాగావళి గట్టు:
తమ్ముడూ, ఇది మన రాష్ట్రం కనిపెట్టింది కాదు. గుజరాత్‌లో 2001 నుంచీ సమరస్ పథకం పేరుతో ఇదే ఉంది. పంచాయతీ ఎన్నికల్లో మన దగ్గర పార్టీ గుర్తులు కూడా ఉండవు, ఉంగరం, కత్తెర లాంటివి ఇస్తారు. ఎందుకు? ఊళ్ళోకి పార్టీలు రాకూడదనే కదా. సర్వోదయ నాయకుడు జయప్రకాశ్ నారాయణ్ పార్టీలు లేని ప్రజాస్వామ్యం కావాలన్నాడు. వినోబా సర్వసమ్మతి అన్నాడు. గాంధీగారి గ్రామస్వరాజ్యం అంటే ఏమిటి మరి? వాళ్ళందరికీ ప్రజాస్వామ్యం తెలియదా?

చట్టం చదివినోడు:
గాంధీగారిని తెచ్చారు కాబట్టి అంబేడ్కర్‌నీ తేవాలి అన్నా. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో ఆయన పల్లె గురించి ఏమన్నాడో చూడండి. మనం ముద్దుగా చెప్పుకునే ఆ ఊరు సంకుచితత్వానికీ అజ్ఞానానికీ మతతత్వానికీ కొంప అనే అర్థంలోనే మాట్లాడాడు. ఆ తర్వాతే పంచాయతీల మాట 40వ అధికరణంగా ఆదేశిక సూత్రాల్లో చేరింది. 73వ రాజ్యాంగ సవరణ వచ్చి 1993 ఏప్రిల్ 24 నుంచి అమల్లోకి వచ్చాక గానీ రాజ్యాంగంలో పంచాయతీలకు కచ్చితంగా ఐదేళ్ళకోసారి ఎన్నికలు అన్న మాటే లేదు. ఆ సవరణ వచ్చిందే ఊరి పెద్దల చేతిలోంచి తియ్యడానికి.

బొబ్బిలి వీణ:
ఐదేళ్ళకోసారి అన్నారు కదా, మన దగ్గర 2018లో కాలం అయిపోతే 2021 దాకా ప్రత్యేక అధికారులే ఏలారు. ఓటు ఎక్కడుంది?

సముద్రం పక్క:
మాది సోంపేట దగ్గర తీరం. మా ఊళ్ళో కులపెద్దలు చెప్పిందే మాట. తుపానుకి వలలు పోయినా, మనిషి వేటకి గుజరాత్ వెళ్ళి తిరిగి రాకపోయినా ఆ ఇంటికి బియ్యం పంపేది ఆ పెద్దలే, ప్రభుత్వం కాదు. 2018 చివర్లో మన జిల్లాల మత్స్యకారుల్ని పాకిస్తాన్ పట్టుకుపోతే 2020 జనవరి దాకా విడవలేదు కదా, ఆ ఇళ్ళు ఎవరు చూసుకున్నారు? అలాంటి చోట సర్పంచ్ ఎవరో పెద్దలే చెప్తే తప్పేటి?

కానీ ఒకటి చెప్తాను. పక్క ఊళ్ళో సర్పంచ్ పదవి వేలం పాడారు. గుడికి ఎవరు ఎక్కువ ఇస్తే వాళ్ళకి. గుడి బాగా కట్టారు, కాదనను. ఆ పాడినాయన తర్వాత ఊళ్ళోకి కనబడ్డం తగ్గించాడు. అడిగితే, నేను కొనుక్కున్నాను, మీకేటి చెప్పాలి అన్నాడట.

జీడిపిక్క:
కొనుక్కున్న వస్తువుకి వారంటీ చూసుకోవాల.

వార్డు నంబరు 6:
చాలాసేపటి నుంచి చదువుతున్నాను. నాగావళి గారిని ఒకే ఒక్క ప్రశ్న అడుగుతాను. మీ ఊళ్ళో 2021లో సర్పంచ్ సీటు ఏ రిజర్వేషన్‌కి వచ్చింది, ఎవరయ్యారు?

నాగావళి గట్టు:
ఎస్సీ మహిళ వచ్చిందండీ. మేమే ఆ వీధిలో ఒకామెను చూసి పెట్టాం. మంచి మనిషి, గొడవలు తెలియని మనిషి. పైగా ఒక దళిత మహిళ పోటీ లేకుండా, ఖర్చు లేకుండా సర్పంచ్ అయింది. ఎన్నికే జరిగి ఉంటే ఆమె అంత డబ్బు ఎక్కడి నుంచి తెచ్చేది? మీరే చెప్పండి ఇది మంచా చెడ్డా.

వార్డు నంబరు 6:
"చూసి పెట్టాం" అన్నారు. ఎవరండీ మీరు? చూసింది ఎవరు, పెట్టింది ఎవరు? ఆ రాత్రి రామమందిరం దగ్గర ఎంతమంది ఆడవాళ్ళున్నారు? ఆ వీధి నుంచి ఎంతమంది ఉన్నారు? మీ అమ్మగారు ఉన్నారా?

నాగావళి గట్టు:
మాటలు పట్టుకుని లాగొద్దండీ. "మేము" అంటే ఊరు.

వార్డు నంబరు 6:
అదే అడుగుతున్నాను. ఊరు అంటే ఎవరు?

లెక్కల మాస్టారు:
రోడ్డు దిమ్మ మీద ఏముందో ఇంకా చెప్పలేదు.

బొబ్బిలి వీణ:
మాస్టారూ 😂

నాగావళి గట్టు:
నాకు ఒక సంగతి అర్థం కావట్లేదు. ఇక్కడ అందరూ ఏదో ఒకటి పట్టుకుని పీకుతున్నారు, ఒకరు రోడ్డు, ఒకరు "పెట్టాం", ఒకరు వేలం. నేను అడిగింది సూటి ప్రశ్న. ఎన్నికలో కొట్టుకోవడం మంచిదా, కూర్చుని తేల్చుకోవడం మంచిదా? దానికి ఒక్కరూ జవాబు చెప్పరు. ఈ మేడమ్ గారు ఊళ్ళో ఎప్పుడైనా ఉన్నారో లేదో కూడా నాకు తెలియదు. పట్నంలో కూర్చుని ఆడవాళ్ళెంతమంది, వాళ్ళెంతమంది అని లెక్కలడగడం సులువు.

వార్డు నంబరు 6:
ఉన్నానండీ. చీపురుపల్లి వైపు మా ఊరు, ఇప్పటికీ అక్కడే ఉంటాను, మా వీధి చివర సిగ్నల్ వస్తే రాస్తున్నాను. పేరు చూసి అర్థం కాలేదేమో, ఆరో వార్డు మాది. అడిగారు కాబట్టి చెబుతాను, కొంచెం పెద్దగా ఉంటుంది.

2021లో మొదటి విడత విజయనగరం జిల్లాలో లేదు, మిగతా పన్నెండు జిల్లాల్లో ఫిబ్రవరి 9న అయింది. మాకు తర్వాత విడతల్లో వచ్చింది. మా ఊరు బీసీ మహిళ. మా అమ్మ డ్వాక్రా సంఘానికి పదేళ్ళు లీడరు. ఊళ్ళో ఏ సంఘం ఏ బ్యాంకులో ఎంత బాకీ ఉందో పుస్తకం చూడకుండా చెప్పగలదు. సంఘం ఆడవాళ్ళే నువ్వు వెయ్యి అంటే నామినేషన్ వేసింది. సంఘం మీటింగులో ఎన్నిసార్లు చేతులెత్తించుకుందో, అన్ని ఓట్లు వస్తాయని లెక్క కట్టుకుంది పాపం.

ఉపసంహరణ ముందు రోజు రాత్రి ఎనిమిదింటికి నలుగురు వచ్చారు. బెదిరించలేదు. నేను ఇది గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే ఇలాంటి కథ చెప్పగానే కత్తులు, కర్రలు అనుకుంటారు. వాళ్ళు అమ్మని "అప్పా" అని పిలిచారు, మా నాన్న ఆరోగ్యం అడిగారు, మా చెల్లి పెళ్ళి సంబంధం ఎంతవరకు వచ్చిందని అడిగారు. టీ తాగారు. "ఊరు ఏకగ్రీవం అనుకుంటోంది, నీ వల్ల ఆగింది అన్న మాట మనకెందుకప్పా" అన్నారు. అంతే. అమ్మ ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున్న మా చేలో నాగలికి వస్తానన్న మనిషి రాలేదు. పాలు పోసే ఆమె రేపటి నుంచి కుదరదంది. మధ్యాహ్నం రెండింటికి అమ్మ తనే ఆటో మాట్లాడుకుని వెళ్ళి సంతకం పెట్టి వచ్చింది. మూడింటికి గడువు.

మా ఊరూ "గొడవ లేకుండా" అయింది. ప్రోత్సాహకం ఊళ్ళో ఎవరూ చూడలేదు, అది వేరే సంగతి, మాస్టారికి చెబుతున్నాను. సర్పంచ్ అయినావిడ ఫోన్ ఆవిడ భర్త దగ్గర ఉంటుంది. నేను ఆవిణ్ణి అనట్లేదు. మా అమ్మ ఆ తర్వాత సంఘం లీడరుగా కూడా మానేసింది. ఎందుకమ్మా అంటే, చేతులెత్తిన వాళ్ళ మొహాలు చూడలేను అంది.

ఇప్పుడు చెప్పండి, మా ఇంట్లో గొడవ జరిగిందా, జరగలేదా?

సముద్రం పక్క:
అమ్మా, మీరు రాసింది చదివి కాసేపు ఏటి రాయాలో తెలీలేదు.

చట్టం చదివినోడు:
ఇది లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేసి ఉంటే ఎన్నికల అధికారి...

వార్డు నంబరు 6:
తమ్ముడూ, ఏమని రాయాలి? టీ తాగారని రాయాలా?

నాగావళి గట్టు:
మీ అమ్మగారికి జరిగింది తప్పే. నేను కాదనను. కానీ మీది మీరు చెప్పారు కాబట్టి నాదీ చెబుతా. ఇంతవరకు ఇక్కడ రాయలేదు, రాయాలనీ అనుకోలేదు.

2013లో మా పెదనాన్న ఒక వర్గం, మా నాన్న ఇంకో వర్గం. ఇద్దరూ నిలబడలేదు, ఊరికే తిరిగారంతే. మా పెదనాన్న వాళ్ళ మనిషి ఓడిపోయాడు. మధ్యాహ్నం ఒంటిగంటకి పోలింగ్ అయిపోయింది, ఆ తర్వాత స్కూల్లోనే లెక్కపెట్టారు, చీకటి పడేసరికి బయట టపాకాయలు కాల్చారు. అవి మా పెదనాన్న గుమ్మం ముందు కాల్చారు. ఎవరో మా నాన్నే కాల్పించాడన్నారు. కాదు. కానీ ఆరోజు నుంచి ఆ ఇంటికీ ఈ ఇంటికీ మధ్య గోడ లేచింది. నిజంగానే గోడ, ఇటుకలతో. ఒకే పెరడు మాది.

2017లో మా నాన్న పోయారు. మా పెదనాన్న రాలేదు. ఆ గోడ అవతల అరుగు మీద కూర్చున్నాడు, మాకు కనబడుతున్నాడు. నేను తలకొరివి పెట్టడానికి కుండ పట్టుకుని ఆ ఇంటి ముందు నుంచే వెళ్ళాను. ఎవరికోసం ఇదంతా? ఇద్దరికీ ఏమీ కాని ఒక మనిషి ఐదేళ్ళు సర్పంచ్ అవడం కోసం. అందుకే నాకు ఏకగ్రీవం అంటే ప్రాణం లేచొచ్చినట్టుంటుంది. ప్రజాస్వామ్యం, అధికరణాలు, అంబేడ్కర్, అన్నీ సరే. నాకు మా నాన్న శవం ముందు పెదనాన్న లేడు. అది నా పాయింట్.

జీడిపిక్క:
అన్నా సారీ. మొదట్లో రాసిన దానికి.

బొబ్బిలి వీణ:
మా ఇంట్లోనూ ఇదే కథ. 2006.

వార్డు నంబరు 6:
మీ నాన్నగారి విషయం చదివి బాధపడ్డాను, నిజంగా. అయినా ఒక మాట అంటాను, తప్పుగా అనుకోవద్దు. మీ ఇంట్లో ఇద్దరు మగవాళ్ళు బయటపడి కొట్టుకుని విడిపోయారు. ఆ గోడ అందరికీ కనబడుతోంది. మా ఇంట్లో గోడ లేదు. అందుకని మాది శాంతి అంటున్నారు. మీకు భయం గొడవంటే. నాకు భయం అందరూ నవ్వుతూ వచ్చి టీ తాగి వెళ్ళే రాత్రంటే. మనం పొద్దుటి నుంచీ వాదించుకుంటున్నది ఏకగ్రీవం గురించి కాదనిపిస్తోంది నాకు.

నాగావళి గట్టు:
అవునేమో. కానీ మీరు చెప్పిన దానికి మందు ఎన్నిక అంటే నేను ఒప్పుకోను. ఎన్నిక జరిగి ఉంటే మీ అమ్మగారు ఓడిపోయి ఉంటే? ఆ నలుగురూ ఆ తర్వాత టీకి కూడా వచ్చేవాళ్ళు కాదు.

వార్డు నంబరు 6:
ఓడిపోతే ఎన్ని ఓట్లతో ఓడిపోయిందో తెలిసేది. గులాబీ కాగితం మీద ఎంతమంది అమ్మ గుర్తు మీద ముద్ర వేశారో తెలిసేది. చెయ్యెత్తితే మొహం కనబడుతుంది, ముద్ర వేస్తే కనబడదు. ఆ తెర వెనక నిలబడే ఒక్క నిమిషం కోసం అడుగుతున్నాను నేను, గెలుపు కోసం కాదు.

ఊరి చివర:
ఇన్నాళ్ళూ ఈ గ్రూపులో చదవడమే, రాయడం ఇదే మొదటిసారి. నాగావళి గారు "ఆ వీధిలో ఒకామెను చూసి పెట్టాం" అన్నారు కదా. నేను అలాంటి వీధిలోనే ఉంటాను, మీ ఊరు కాదు, రాజాం పక్క.

మీరిద్దరూ రాసింది చదివాను. ఇద్దరికీ కోపం వచ్చే మాట చెబుతాను. మా వీధికి రిజర్వేషన్ వచ్చినప్పుడు ఏకగ్రీవం అయితే పెద్దలు ఒకామెను పెడతారు. ఎన్నిక అయితే ఏం చేస్తారో తెలుసా? ఇటు పెద్దలు ఒకామెను, అటు పెద్దలు ఇంకొకామెను మా వీధిలోంచే నిలబెడతారు. డబ్బు వాళ్ళది, జెండా వాళ్ళది, పోటీ మాది. 2013లో మా పిన్నీ, మా మేనత్తా ఒకరి మీద ఒకరు నిలబడ్డారు. ఓటు రహస్యమే. కానీ మా వీధిలో ఉన్నదే డెబ్బై ఇళ్ళు, రాత్రికి ఎవరు ఎవరికి వేశారో చెప్పేస్తారు. పిన్ని గెలిచింది. ఆ ఐదేళ్ళూ తీర్మానాలు ఉప సర్పంచ్ ఇంట్లో రాసేవాళ్ళు. వార్డు మెంబర్లే ఉప సర్పంచ్‌ని ఎన్నుకుంటారు కదా, ఆ పదవి మాత్రం ఎప్పుడూ పెద్ద వీధి దాటి రాలేదు. పిన్ని గెలిచాక గ్రామసభలో కుర్చీ వేస్తే కూర్చునేది, వెయ్యకపోతే నిలబడేది.

ఏకగ్రీవమైతే మా ఒకామె పరువు పోతుంది. పోటీ అయితే ఇద్దరి పరువూ పోయి, ఇల్లూ విడిపోతుంది. అందుకని నాకు రెండూ ఒకటే. మీరు ఇంత కష్టపడి వాదించుకుంటుంటే చెప్పాలనిపించింది.

చట్టం చదివినోడు:
కానీ రిజర్వేషన్ లేకపోతే ఆ కుర్చీ దాకా కూడా...

ఊరి చివర:
నిజమే తమ్ముడూ. పిన్ని ఒక పని మాత్రం చేసింది. మా వీధికి కుళాయి లైను వేయించింది. ఆర్థిక సంఘం డబ్బుల్లో ఎక్కువ భాగం తాగునీటికి, పారిశుద్ధ్యానికే వాడాలన్న నిబంధన తర్వాత వచ్చింది కదా, అప్పుడు అది కూడా లేదు. ఆమె వెళ్ళి ఎంపీడీవో ఆఫీసు బెంచీ మీద నాలుగు రోజులు కూర్చుంది. ఎవరి మాటా వినలేదు. ఆ నాలుగు రోజులూ మా పిన్ని సర్పంచ్. మిగతా ఐదేళ్ళ సంగతి చెప్పాను.

లెక్కల మాస్టారు:
15వ ఆర్థిక సంఘంలో అలా ఆ పనులకే ముడిపెట్టి ఇచ్చిన భాగం 60 శాతం, 2021 నుంచి. మీరు చెప్పింది సరైనదే.

ఇన్నిసార్లు రోడ్డు గురించి అడిగితే మీకు తమాషాగా ఉండొచ్చు. నేను ఇరవై ఏళ్ళకు పైగా ఎన్నికల డ్యూటీ చేశాను. బ్యాలెట్ పెట్టె మీద లక్క వేసి, రాత్రి పదకొండింటికి తలుపేసుకుని గది బయట పడుకున్న వాణ్ణి. ఏకగ్రీవం అయిన ఊరికి మాకు డ్యూటీ ఉండదు, మాకూ హాయే. కానీ ఎన్నిక జరిగిన ఊళ్ళో ఓడిపోయినవాడు ఐదేళ్ళూ ప్రతి పైసాకీ లెక్క అడుగుతాడు, కసితోనే అనుకోండి. ఏకగ్రీవం అయిన ఊళ్ళో అడిగేవాడు ఉండడు. అందుకే అడుగుతున్నాను. ఆ రోడ్డు ఎవరి డబ్బు?

సముద్రం పక్క:
ఇది మంచి మాట మాస్టారూ. ముందే చెప్పాల్సింది.

లెక్కల మాస్టారు:
ముందే చెప్పాను. ఎవరూ చదవలేదు.

బొబ్బిలి వీణ:
అయితే మాస్టారు ఎన్నిక వైపా?

లెక్కల మాస్టారు:
నేను ఏ వైపూ కాదు. లెక్క వైపు.

జీడిపిక్క:
మాస్టారిని ఏకగ్రీవంగా ఎన్నుకుందాం.

మోడరేటర్:
చర్చ బాగుంది. ఊళ్ళ పేర్లు, మనుషుల పేర్లు ఎవరూ రాయలేదు, అలాగే కొనసాగించండి. మధ్యలో పార్టీల పేర్లతో వచ్చిన మూడు పోస్టులు తీసేశాను. తీసినందుకు ఇద్దరు నాకు ఇన్‌బాక్స్‌లో తిట్లు పెట్టారు, వాళ్ళకీ ధన్యవాదాలు.

నాగావళి గట్టు:
నిన్న రాత్రి నిద్ర పట్టలేదు. వార్డు నంబరు 6 గారు మొదట్లో అడిగిన ఒక ప్రశ్నకి నేను జవాబు చెప్పలేదు. మీ అమ్మగారు ఆ రాత్రి అక్కడ ఉన్నారా అన్నది. పొద్దున్నే అమ్మకి ఫోన్ చేసి అడిగాను. ఏమన్నదో ఉన్నదున్నట్టు రాస్తున్నా, నాకు అనుకూలమో కాదో నాకే తెలియడం లేదు.

అమ్మ వెళ్ళింది. ఆడవాళ్ళు ఏడెనిమిది మంది వెళ్ళారట, వెనక మెట్ల మీద కూర్చున్నారట. ఆ వీధి నుంచి ఆమె మొగుడొక్కడే వచ్చాడు, ఆమె రాలేదు. ఎవరో లేచి ఒక పేరు చెప్పారు. అమ్మకి వినబడలేదు, మైకు లేదు కదా. అందరూ చేతులెత్తితే తనూ ఎత్తింది. ఇంటికొచ్చాక పక్కింటి వాళ్ళని అడిగి తెలుసుకుంది ఎవరికి ఎత్తిందో. అది చెప్పి నవ్వింది. "మీ పెదనాన్న కూడా ఎత్తాడురా, అదే మొదటిసారి మేమిద్దరం ఒక మాట మీద ఉండటం" అంది. గోడ ఎప్పుడో పడిపోయింది, వానకి. మళ్లీ కట్టలేదు.

చివర్లో "ఇవన్నీ ఎక్కడా రాయకు" అంది. రాస్తున్నా.

నేను ఇప్పటికీ ఏకగ్రీవమే మంచిదంటాను. కానీ ఈసారి మా ఊళ్ళో కూర్చుంటే మైకు పెట్టమని చెబుతా. సర్పంచ్ అయ్యే మనిషిని కూడా అక్కడికి పిలవమని చెబుతా.

వార్డు నంబరు 6:
మైకు పెడితే చెయ్యెత్తని వాళ్ళు కూడా స్పష్టంగా కనబడతారు అన్నా. ఆ సంగతి కూడా ఆలోచించండి. మీ అమ్మగారి మాట మాత్రం నాకు చాలా నచ్చింది, ఆవిడకి నా నమస్కారం చెప్పండి. మా అమ్మకి ఇదంతా చదివి వినిపించాను. పాలు పోసే ఆమె ఇప్పుడు మళ్లీ పోస్తోందని రాయమంది. అది రాయకపోతే ఆమె గురించి తప్పుగా అనుకుంటారట.

ఊరి చివర:
మీ ఊరి సర్పంచ్‌ని పిలిచినప్పుడు కుర్చీ వెయ్యండి నాగావళి గారూ.

నాగావళి గట్టు:
వేయిస్తానండీ. మాస్టారూ, మా తమ్ముడి చేత రోడ్డు దిమ్మ ఫోటో తీయించాను. రంగు వెలిసిపోయింది. "ఉపాధి హామీ" అన్నదొక్కటే చదవగలిగాం.

లెక్కల మాస్టారు:
దాని కింద అంచనా విలువ ఉంటుంది. నీళ్ళు పోసి తుడిచి, ఎండ ఏటవాలుగా పడేటప్పుడు తీయమనండి.